ఒహాయోలో ఒక సేవాసంఘం కోసం వెతికిన అనుభవం

అమెరికాలో ఎంఎస్ పూర్తిచేసి, ఉద్యోగరీత్యా ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్‌కు పడమటగా, ఈరీ సరస్సుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న ఊరికి చేరిన తరువాత, ఆ ఊరివాళ్లతో కలిసి కొంత సమయం సేవకు కేటాయించాలన్న కోరిక నాకు బలంగా కలిగింది. గుంటూరు జిల్లాలో బీటెక్ చదివిన రోజుల్లో నేను ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉండేదాన్ని. 1969లో మొదలైన ఆ పథకంలో వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరానికి వెళ్లాలి. ఇంటింటికీ తిరిగి సర్వే రాసుకోవడం, బడి గోడలకు సున్నం వేయడం, సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేవి. డిగ్రీ చేతికి రాగానే ఆ అవకాశం ముగిసిపోయింది. ఉద్యోగంలో చేరిన మనిషికి అలాంటి చోటు ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా కాలమే పట్టింది.

తానా, ఆటా, నాట్స్ వంటి మన సంఘాలు ఉండగా ఈ వెతుకులాట ఎందుకని కొందరు స్నేహితులు అడిగారు. ఆ కార్యక్రమాలకు నేనూ వెళతాను; ఉగాదికీ సంక్రాంతికీ వడ్డన దగ్గర నిలబడటం నాకు ఎప్పుడూ ఆనందమే. అయితే అక్కడ కలిసేవాళ్లందరూ దూరాల నుంచి కార్లలో వచ్చి, పండుగ ముగియగానే ఎవరి ఊరికి వారు వెళ్లిపోయేవాళ్లు. నేను ఇల్లు అద్దెకు తీసుకున్న వీధిలో నాకు పేరు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఏ ఊళ్లో నీళ్లు తాగుతున్నామో ఆ ఊరికి కొంత పనిచేయాలన్నది మా ఇంట్లో చిన్నప్పటి నుంచి విన్న మాట.

టెక్సస్‌లో చదువుకున్నప్పుడు క్యాంపస్ పక్క వీధుల్లో గ్రీకు అక్షరాలు తగిలించిన పెద్ద పెద్ద ఇళ్లు చూసేదాన్ని. అవి సొరోరిటీలు, ఫ్రెటర్నిటీలు అనే విద్యార్థి సంఘాలవి. అమ్మాయిలవి సొరోరిటీలు, అబ్బాయిలవి ఫ్రెటర్నిటీలు. వాటి చేరికలన్నీ అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థుల చుట్టూ తిరుగుతాయి. మనవాళ్లలో ఎక్కువమంది బీటెక్ ఇంటి దగ్గర ముగించుకుని ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు కాబట్టి, ఆ ఇళ్ల ముందు నుంచి నడిచి వెళ్లడమే తప్ప లోపలికి అడుగుపెట్టే సందర్భం రాదు. దక్షిణాసియా అమ్మాయిల కోసం 1998లో అదే రాష్ట్రంలో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా పుట్టాయి గానీ, అవి కూడా కాలేజీలో చదువుకునే అమ్మాయిలు తమ కోసం కట్టుకున్న సంఘాలే. చదువు అయిపోయిన తరువాత కూడా సొరోరిటీలో చేరే దారులున్నాయని ఒహాయోకు వచ్చాక, ఆఫీసులో ఒక సహోద్యోగిని చెబితేనే నాకు తెలిసింది.

నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్య కింద ఇరవైకి పైగా సొరోరిటీలు ఉన్నాయి. వాటిలో చాలా సంఘాలు, కాలేజీలో సభ్యురాలు కాని స్త్రీని కూడా తరువాతి కాలంలో దీక్ష ఇచ్చి చేర్చుకుంటాయి. నియమాలు మాత్రం ఒక్కో సంఘానికి ఒక్కో తీరుగా ఉంటాయి. సాధారణంగా ఇప్పటికే సభ్యురాళ్లుగా ఉన్నవాళ్లు మన పేరు ప్రతిపాదించాలి. ఒకసారి ఒక సంఘంలో దీక్ష తీసుకున్న మనిషి ఆ సమాఖ్యలోని మరి దేనిలోనూ చేరడానికి వీలులేదు. 1867లో ఇల్లినాయ్‌లోని మన్‌మత్ కాలేజీలో పుట్టిన పై బీటా ఫై గురించి చదివినప్పుడు నాకు గౌరవం కలిగింది. ఆ సంఘం 1912లో టెనెసీ కొండల్లోని గాట్లిన్‌బర్గ్‌లో, అప్పటికి చదువు అందని పిల్లల కోసం ఒక బడి పెట్టింది. కానీ నా పేరు ప్రతిపాదించేంత చనువున్న సభ్యురాలు నాకు ఎవరూ లేరు. పేరు చెప్పించుకోవడం కోసమే ఒకరితో స్నేహం కలుపుకోవడం నాకు సబబుగా తోచలేదు. ఆ దారిని అక్కడితో వదిలిపెట్టాను.

రెండో దారి నల్లజాతి స్త్రీల సొరోరిటీలది. దీని గురించి నేను ఎక్కువ కాలం ఆలోచించాను, నాకు చెప్పిన సహోద్యోగిని ఆ సంఘాలలో ఒకదాని సభ్యురాలు కావడం అందుకు ఒక కారణం. 1908లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా, అక్కడే 1913లో డెల్టా సిగ్మా థీటా, 1920లో జీటా ఫై బీటా, ఆ పైన 1922లో ఇండియానాపొలిస్‌లో సిగ్మా గామా రో మొదలయ్యాయి. వీటన్నిటికీ డిగ్రీ పూర్తిచేసిన స్త్రీల కోసం ప్రత్యేకమైన చాప్టర్లు, అంటే స్థానిక శాఖలు, ఉన్నాయి, వాటి ద్వారా ముప్ఫై ఏళ్లకూ నలభై ఏళ్లకూ చేరినవాళ్లు చాలామందే కనిపిస్తారు. ఈ సంఘాలలో సభ్యత్వం కాలేజీతో ముగిసేది కాదు, అది బతికినంత కాలం ఉండే బాధ్యత. చేరాలనుకునేవాళ్లు ఆ సంగతి నలుగురిలో చాటుకోకూడదని, ముందు చాప్టర్ వాళ్లు ఊరి కోసం పెట్టే బహిరంగ కార్యక్రమాలకు వెళుతూ ఉండాలని, వాళ్లు మనల్నీ మనం వాళ్లనీ నిదానంగా తెలుసుకోవాలని ఆమె నాకు ఓపికగా వివరించింది.

ఆమె పిలుపు మీద వాళ్ల చాప్టర్ ఒక చర్చి హాల్లో పెట్టిన ఆరోగ్య శిబిరానికి వెళ్లాను. ఒక బల్ల దగ్గర బీపీ, మరో బల్ల దగ్గర షుగరు చూస్తున్నారు. నర్సుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దావిడ, చేతికి పట్టీ చుట్టే ప్రతి మనిషినీ ముందు వాళ్ల అమ్మ ఎలా ఉందో, మనవలు ఏం చదువుతున్నారో అడిగి, ఆ తరువాతే అంకె చదువుతోంది. వచ్చినవాళ్లలో సగంమందికి పైగా ఆమెకు పేరుతో సహా తెలుసు. ఆల్ఫా కప్పా ఆల్ఫా స్త్రీలు 1935లో మొదలుపెట్టి కొన్ని వేసవుల పాటు మిసిసిపీ పత్తి చేలల్లో పనిచేసే పేద కుటుంబాలకు కార్లలో వైద్యాన్ని తీసుకువెళ్లిన చరిత్ర, డెల్టా సిగ్మా థీటా అమ్మాయిలు సంఘం పెట్టుకున్న కొద్ది వారాలకే 1913 మార్చి 3న ఓటుహక్కు కోసం వాషింగ్టన్ వీధుల్లో నడిచిన చరిత్ర నేను అప్పటికే చదివి ఉన్నాను. ఆ హాల్లో కూర్చున్నప్పుడు ఆ పని ఇంకా సాగుతూనే ఉందని కళ్లారా చూశాను.

నియమం ప్రకారం ఆ సంఘాలలో ఏ జాతి స్త్రీ అయినా చేరవచ్చు. అయినా, వందేళ్లకు పైగా ఒక జాతి స్త్రీలు తమకు మూసిన తలుపుల ముందు నిలబడి కట్టుకున్న ఆ ఇంటిలోకి, కొత్త ఊళ్లో పరిచయాలు కావాలన్న అవసరంతో వెళ్లడం నాకు న్యాయంగా అనిపించలేదు. ఆ చరిత్రను తన బాధ్యతగా జీవితాంతం మోయగలనని నమ్మిన మనిషి వెళ్లాలి. ఈ మాట సహోద్యోగినికి చెప్పినప్పుడు ఆమె నొచ్చుకోలేదు. వాళ్ల స్కాలర్‌షిప్ నిధికి నేను ఏటా పంపే చిన్న మొత్తాన్ని, శిబిరంలో కుర్చీలు సర్దే నా సాయాన్ని సంతోషంగా అంగీకరించింది. ఆ స్నేహం నాకు ఇప్పటికీ ఉంది.

కాలేజీతో సంబంధం లేని స్త్రీల సంఘాలు కూడా చూశాను. బీటా సిగ్మా ఫై 1931లో, ఆర్థిక మాంద్యపు రోజుల్లో, కాన్సస్ రాష్ట్రంలోని ఎబిలీన్‌లో పుట్టింది. ఒకరింట ఒకరు కలుసుకుని, వంతులవారీగా ఏదో ఒక విషయం మీద మాట్లాడుకోవడం దాని పద్ధతి. 1929లో టెక్సస్‌లోని జాక్సన్‌విల్‌లో మొదలైన ఎప్సిలాన్ సిగ్మా ఆల్ఫా, మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి కోసం నిధులు కూడబెడుతుంది. 1901లో న్యూయార్క్‌లో మేరీ హారిమన్ స్థాపించిన జూనియర్ లీగ్ కొత్త సభ్యురాళ్లకు మొదట శిక్షణ ఇచ్చి, ఆ తరువాతే పనిలోకి దించుతుంది; నేరుగా పనిలో పడేసి తికమకపెట్టడం కంటే ఇది మంచి పద్ధతి. 1919లో బఫెలోలో మొదలైన జోంటా మీద ఇంజనీరుగా నాకు ప్రత్యేకమైన అభిమానం. విమాన చోదకురాలు అమీలియా ఇయర్‌హార్ట్ అందులో సభ్యురాలు; ఆమె పేరిట 1938 నుంచి, విమాన, అంతరిక్ష శాస్త్రాలలో పరిశోధన చేసే స్త్రీలకు ఆ సంస్థ ఫెలోషిప్పులు ఇస్తోంది. పీహెచ్‌డీ చేయాలనుకునే మన అమ్మాయిలు దాని గురించి తప్పకుండా తెలుసుకోవాలి. ఇవన్నీ నాకు నచ్చినవే అయినా, మా ఊరికి దగ్గరలో, ఉద్యోగం చేసుకునే మనిషి వెళ్లగలిగిన వేళల్లో వీటి చాప్టరు దొరకలేదు.

చివరికి నాకు దారి చూపింది మా ఊరి పొలిమేరలోని స్వాగతం బోర్డు. అమెరికాలో చిన్న ఊళ్ల మొదట్లో అలాంటి బోర్డు కింద ఆ ఊళ్లో ఉన్న సంఘాల గుర్తులు వరసగా బిగించి ఉంటాయి: రోటరీ చక్రం, లయన్స్ వారి ఎల్ అక్షరం, కివానిస్ వారి కె అక్షరం. రోజూ దాని పక్క నుంచే ఆఫీసుకు వెళ్లేదాన్ని. ప్రధాన సంస్థల వెబ్‌సైట్లలో ఊరి పేరు కొట్టి వెతికే వీలుంది, కానీ అక్కడి సమాచారం పాతబడి ఉండవచ్చు. నేను రాసిన ఒక క్లబ్ నుంచి ఎంత కాలమైనా జవాబు రాలేదు. అంతకంటే ఊరి లైబ్రరీ నోటీసు బోర్డు, అక్కడ కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగిని ఎక్కువ ఉపయోగపడ్డారు. ఏ క్లబ్ ఎప్పుడు ఎక్కడ కలుస్తుంది, దానిలో ఎవరిని అడగాలి అన్నది ఆమె కాగితం మీద రాసి ఇచ్చింది.

ముందుగా రోటరీకి అతిథిగా వెళ్లాను. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన ఆ సంస్థ చాలా కాలం మగవాళ్లదిగానే ఉండేది. మహిళలను చేర్చుకున్నందుకు గుర్తింపు పోగొట్టుకున్న కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్ కోర్టుకు వెళ్లగా, 1987లో అమెరికా సుప్రీంకోర్టు మహిళల పక్షాన తీర్పు చెప్పింది. నా పక్కన కూర్చున్న వృద్ధుడు, తాను ఉత్తర భారతదేశానికి వెళ్లి పిల్లలకు పోలియో చుక్కలు వేసిన సంగతి ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. నేనూ పల్స్ పోలియో ఆదివారాల్లో చుక్కలు వేయించుకున్న పిల్లనేనని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది. 1985లో రోటరీ చేపట్టిన ఆ పోలియో కార్యక్రమం ప్రభుత్వాలతోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థతోనూ కలిసి సాగింది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చి 27న మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ధ్రువీకరించారు. ఆ బల్ల దగ్గర జరిగిన సంభాషణ నాకు ఎప్పటికీ విలువైనదే. అయితే ఆ క్లబ్ కలిసేది పనిదినాలలో మధ్యాహ్న భోజనం వేళ, నా ఉద్యోగంలో ఆ సమయానికి బయటికి రావడం సాధ్యం కాదు. యువతకోసం 1968లో మొదలైన రోటరాక్ట్‌కు పూర్వం ఉన్న ముప్ఫై ఏళ్ల వయోపరిమితిని 2020లో తీసేశారని తెలిసి దాన్నీ చూశాను. దగ్గరలో ఉన్న రోటరాక్ట్ క్లబ్ నగరం మధ్యలో ఉంది. సరస్సు మీది నుంచి మంచు కురిసే శీతకాలపు సాయంత్రాలలో అంత దూరం వెళ్లడం కుదిరే పని కాదు.

లయన్స్ క్లబ్ మాత్రం ఆఫీసు అయిపోయాక, నేను నడిచి వెళ్లగలిగేంత దగ్గరలో కలుస్తుంది. ఆ పేరు మన ఊళ్లలో తెలియని ఇల్లు ఉండదు. తెనాలిలో మా అమ్మమ్మకు శుక్లాల ఆపరేషన్ జరిగింది లయన్స్ వాళ్ల కంటి శిబిరం ద్వారానే. 1917లో మెల్విన్ జోన్స్ ఈ సంస్థను మొదలుపెట్టినా, చూపు లేనివారి సేవ దాని ముఖ్య కర్తవ్యంగా మారింది 1925లో. ఆ ఏడు మహాసభలో హెలెన్ కెల్లర్ వచ్చి, అంధుల పక్షాన నిలబడమని సభ్యులను కోరింది. ఆ సభ జరిగిన సీడార్ పాయింట్ మా ఊరికి దగ్గరలోనే, అదే సరస్సు ఒడ్డున ఉంది. ఈ సంగతి మా క్లబ్ పెద్దలు కొత్తవాళ్లకు తప్పకుండా చెబుతారు.

మొదటి సమావేశంలో అందరూ లేచి జెండాకు ప్రతిజ్ఞ చెప్పినప్పుడు నేను కూడా లేచి, పౌరురాలిని కాను కనుక మౌనంగా నిలబడ్డాను. ఎవరూ అందుకు వేరుగా చూడలేదు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది మా అమ్మానాన్నల కంటే పెద్దవాళ్లు. నిజానికి అందుకే మొదట సందేహించాను. కానీ భోజనం చేస్తూ సభ్యులు మాట్లాడుకునే మాటలను బట్టి ఒక సంఘాన్ని అంచనా వేయకూడదని, వాళ్లు పనిచేసే రోజున వెళ్లి చూడాలని అప్పటికే నిశ్చయించుకున్నాను. క్లబ్ అధ్యక్షుడిని అడిగితే, శనివారం కళ్లజోళ్ల పని ఉంది, రమ్మన్నాడు.

లైబ్రరీలో, బ్యాంకులో, అద్దాల దుకాణంలో పెట్టిన డబ్బాల నుంచి పాత కళ్లజోళ్లన్నీ ఒకచోటికి వస్తాయి. ముందు విరిగినవి, గీతలు పడ్డవి తీసేయాలి. మిగిలినవి గోరువెచ్చని సబ్బునీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఆ తరువాత లెన్సోమీటరు. అద్దాన్ని దాని మీద ఆనించి, పరికరానికి కన్ను ఆనించి చూస్తూ చక్రం తిప్పితే, మసకగా ఉన్న ఆకుపచ్చ గీతలు ఒక చోట స్పష్టంగా తేలతాయి. అక్కడ కనిపించే అంకె ఆ అద్దం పవరు. సిలిండర్ పవరు ఉన్న అద్దమైతే గీతలన్నీ ఒకేసారి తేలవు. ఒక వరస తేలాక అంకె రాసుకుని, మళ్లీ తిప్పి రెండో వరస చూసి, కోణం కూడా రాసుకోవాలి. కుడి కన్ను, ఎడమ కన్ను వేర్వేరుగా రాసి, చీటీతో పాటు కవరులో పెడతాం. చత్వారం అద్దాలకు ఒక పెట్టె, చిన్నపిల్లల జోళ్లకు ఒక పెట్టె, మైనస్ పవరు బాగా ఎక్కువున్న వాటికి మరొకటి. ఆ చివరి పెట్టె అన్నిటికంటే విలువైనదని నాకు నేర్పిన పెద్దాయన చెప్పాడు. తేలికపాటి చత్వారం అద్దాలు చాలా చోట్ల చవకగానే దొరుకుతాయి, మైనస్ పన్నెండు పవరు అద్దం మాత్రం పేదవాడు కొనుక్కోలేడు. ఇలా తయారైన జోళ్లు దేశదేశాలలో జరిగే కంటి శిబిరాలకు వెళతాయి. ఆ గదిలో ఎవరూ ఎవరినీ పొగడలేదు, ఫొటోలు తీసుకోలేదు. అందరి చేతులూ పనిలో ఉన్నాయి. చేరాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

చేరేముందు తెలుసుకున్న రెండు విషయాలు నా వంటివారికి ఉపయోగపడవచ్చు. మొదటిది డబ్బు సంగతి. రోటరీ, లయన్స్ క్లబ్బులు చాలావరకు ఆదాయపు పన్ను చట్టంలోని 501(సి)(4) తరగతికి చెందినవి, వాటికి కట్టే చందాకు పన్ను మినహాయింపు రాదు. మినహాయింపు వచ్చేది 501(సి)(3) కింద ఉండే వాటి ఫౌండేషన్లకు ఇచ్చే విరాళానికి. ఏ సంస్థ ఏ తరగతిదో ఐఆర్‌ఎస్ అనే అమెరికా పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. చందాలో ఎంత అంతర్జాతీయ సంస్థకు పోతుందో, ఎంత భోజనాలకో కోశాధికారిని అడిగితే తడుముకోకుండా లెక్క చెప్పాలి. మా కోశాధికారి పుస్తకం తెరిచి చూపించాడు. రెండోది వీసా సంగతి. ధర్మసంస్థలో ప్రతిఫలం ఆశించకుండా చేసే సేవకు ఇబ్బంది లేదు గానీ, డబ్బు ముట్టజెప్పే ఏ పనినైనా సేవ అనే పేరుతో కూడా ఒప్పుకోకూడదు. సందేహం ఉంటే కంపెనీ తరఫు లాయరును అడగడం మేలు.

నా చేరిక చాలా నిరాడంబరంగా జరిగింది. బడిపంతులమ్మగా రిటైరైన ఒకావిడ నాకు స్పాన్సరుగా పక్కన నిలబడి, కోటుకు పిన్ను పెట్టింది. ఇప్పుడు ఏటా బళ్లు తెరిచిన తరువాత ఆమెతో కలిసి కిండర్‌గార్టెన్ పిల్లల చూపు పరీక్షకు వెళుతున్నాను. పిల్లలతో పని కాబట్టి ముందుగా నా పూర్వాపరాల విచారణ జరిగింది, తల్లిదండ్రుల సంతకాలున్న పిల్లలనే పరీక్షిస్తాం. పిల్లవాడికి సుమారు మూడడుగుల దూరంలో పట్టుకునే ఒక కెమెరా వంటి పరికరం ఉంటుంది; అది పిట్టల కూతలు వినిపిస్తూ రంగు దీపాలు వెలిగిస్తుంది, పిల్లవాడు అటు చూసిన కొద్ది క్షణాలలో రెండు కళ్ల కొలతలూ చూపిస్తుంది. డాక్టరుకు చూపించాలని వస్తే ఆ కాగితం తల్లిదండ్రులకు పంపుతాం, డబ్బు లేని కుటుంబమైతే కళ్లజోడు ఖర్చు క్లబ్ భరిస్తుంది. ఒక కన్ను మందగించిన సంగతి ఆ వయసులో బయటపడితే సరిచేయడానికి అవకాశం ఎక్కువ. ఆలస్యమైన కొద్దీ అది తగ్గిపోతుంది. ఇప్పుడు కిరాణా దుకాణంలో పిల్లలు నన్ను గుర్తుపట్టి, పిట్టల కెమెరా ఆంటీ అని తల్లులకు చూపిస్తున్నారు.

నా ప్రాజెక్టు ముగింపుకొస్తోంది, వచ్చే ఏడాది మరో రాష్ట్రానికి మారవలసి రావచ్చు. సభ్యత్వాన్ని ఒక క్లబ్ నుంచి మరో క్లబ్‌కు బదిలీ చేసుకునే వీలుంది, అందుకు కావలసిన కాగితం మా కార్యదర్శి ఇస్తానన్నాడు. వెళ్లబోయే ఊళ్లోని క్లబ్‌కు ఫోన్ చేసి, సమావేశం ఎన్ని గంటలకో అడగడం కంటే ముందు, కళ్లజోళ్లు సర్దే పని, బడిపిల్లల చూపు పరీక్ష అక్కడ ఉన్నాయా అని అడిగాను. కళ్లజోళ్ల పని ఉందట. పరీక్ష చేసే పరికరం ఉన్నా, దానిని బళ్లకు తీసుకువెళ్లేవాళ్లు లేక బీరువాలోనే ఉంచేశారట. నేను తీసుకువెళతానని చెప్పాను.